దీర్ఘాలు రానివాళ్ళు ఇంటి సంగతులు రాయకూడదా?

అప్పడాలవీధి
మాది బరంపురం. పదో తరగతి దాకా ఒడియా మీడియం. తెలుగు బడిలో నేర్చుకోలేదు. మాట్లాడటం అమ్మ దగ్గర వచ్చింది. చదవడం వేసవి సెలవుల్లో ఇచ్ఛాపురంలో మా పిన్ని ఇంట్లో వారపత్రికలు కూడబలుక్కుంటే వచ్చింది. రాయడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

కిందటేడాది నుంచి రోజూ రాత్రి గిన్నెలు కడిగాక నోటు పుస్తకంలో అర పేజీ రాస్తున్నాను. గొప్ప విషయాలేం కావు. చిన్నోడు పెరుగనుకుని చద్దన్నంలో ఇడ్లీపిండి కలుపుకున్న రోజు, మా అత్తయ్య టీవీ రిమోటు దేవుడి గదిలో దాచేసి మర్చిపోయిన రోజు, అలాంటివి. రాసి, ఫొటో తీసి మా చుట్టాల గ్రూపులో పెడతాను. మొదట్లో పెట్టాక ఫోను బోర్లా పడేసేదాన్ని, ఎవరేమంటారో చూడలేక. తర్వాత మా వదిన "నిన్న రాయలేదేం?" అని అడగడం మొదలుపెట్టింది. ఇంట్లో నా మాటకి అంత గిరాకీ ఎప్పుడూ లేదు. నవ్వకండి, అంతకు ముందు బ్యాంకులో ఫారం నింపాలన్నా మా ఆయన్నే తీసుకెళ్ళేదాన్ని. ఈ ఏడాది నేనే వెళ్ళి నింపాను.

ఏప్రిల్‌లో ఒక పేజీ పెట్టాను. ఉత్కళ దివస్‌కి, అంటే ఒడిశా ఏర్పడిన రోజుకి, మా పాప (పన్నెండేళ్ళు) బడిలో ఒడియాలో ఐదు వాక్యాలు చెప్పాలి. మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది. స్టేజి వెనక్కి వచ్చి ఏడ్చింది. నేను ముద్దుగానే రాశాను. మా బావగారు విశాఖలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆ పేజీ మీద పదకొండు తప్పులకి ఎర్ర సున్నాలు చుట్టి, తిరిగి అదే గ్రూపులో పెట్టారు. కింద "శ్రద్ధ పెట్టమ్మా" అని ఒక్క మాట. గ్రూపులో నలభై రెండు మందిమి.

ఆ రాత్రే పాప వచ్చి "నా గురించి ఇంకెప్పుడూ రాయకు" అంది. దానికి తెలుగు చదవడం రాదు. విశాఖలో వాళ్ళ అక్క, అంటే బావగారి అమ్మాయి, ఫోన్లో చదివి వినిపించి నవ్విందట.

మూడు వారాలయింది, పుస్తకం ముట్టలేదు. మొన్న బ్యాంకుకి మళ్ళీ ఆయన్నే పంపాను. చిన్నోడు ఒక్కడే రోజూ పడుకునే ముందు అడుగుతున్నాడు, "అమ్మా, ఇవాళ నన్ను రాశావా?" అని. రాయమంటారా, మానమంటారా?

నాగావళి_గట్టు
పదకొండేనా? మా ఆవిడ సరుకుల చీటీలో అంతకంటే ఎక్కువే ఉంటాయి. అయినా రాయగడ బజార్లో మా షావుకారు ఒక్క సరుకు తప్పిపోకుండా కడతాడు. తెలుగు చదివేవాడికి మనసుండాలి గాని.

సిరివంచ_అల్లుడు
బావగార్లందరూ ఇంతే. మా బావ నా పెళ్ళి పత్రికలో నా పేరే దిద్దాడు.

సుద్దముక్క
ఆయన్ని ఆడిపోసుకునే ముందు ఒక మాట వినండి. నేనూ మాస్టారినే, ముప్ఫయ్యేళ్ళు చేశాను, ఇప్పుడు జయపురంలో ఉంటున్నాను. తప్పు కనబడితే చెయ్యి ఊరుకోదు. అదొక జబ్బు, ఒప్పుకుంటాను. హోటల్లో ధరల పట్టీ మీద కూడా పెన్ను పెట్టి తన్నులు తినబోయినవాణ్ణి. కాని తప్పు తప్పే కదా. 'కల' వేరు, 'కళ' వేరు. 'మెడ' వేరు, 'మేడ' వేరు. అందరూ ముద్దుగా ఉందని వదిలేస్తే ఆవిడ పదేళ్ళ తర్వాతా అలాగే రాస్తుంది. గ్రూపులో పెట్టడం మాత్రం బాగోలేదు. విడిగా ఫోన్ చేసి చెప్పాల్సింది.

అప్పడాలవీధి
మాస్టారూ, 'కళ' నేను తప్పు రాయను. ఒడియాలోనూ ళ ఉంది, అది బాగానే వచ్చు. నా గొడవంతా వేరే చోట.

రెండులిపులు
ఏ చోట? ఆ పదకొండూ ఇక్కడ రాయగలరా? ఎగతాళికి అడగడం లేదు.

అప్పడాలవీధి
సరే, పోయిన పరువు ఎలాగూ పోయింది. శనివారం బదులు సనివారం. విషయం బదులు విసయం. ఆశ బదులు ఆస. ఏడుపు బదులు ఎడుపు. వేదిక బదులు వెదిక. పోయింది బదులు పొయింది. కూతురు బదులు కుతురు. మీద బదులు మిద. ఇంకో మూడు ఉన్నాయి, అవీ ఈ బాపతే.

రెండులిపులు
నేను అనుకున్నదే. ఇవి శ్రద్ధ లేని తప్పులు కావు, ఒడియా బడి తప్పులు. ఒడియాలో శ, ష, స మూడు అక్షరాలూ ఉన్నాయి, కాని నోట్లో మూడూ స గానే పలుకుతాయి. ఇ, ఈ రాతలో రెండు, మాటలో తేడా నిలవదు. ఉ, ఊ కూడా అంతే. ఎ, ఏ రెండింటికీ కలిపి ఒకే అక్షరం. ఒ, ఓ కీ ఒకటే. పదేళ్ళు ఆ అక్షరాలు దిద్దిన చేతికి 'ఏడుపు' రాయమంటే 'ఎడుపు' రాక ఏమొస్తుంది? మీ ఒడియా నోటు పుస్తకంలో అది తప్పే కాదు.

మీ బావగారు పదకొండు సున్నాలు చుట్టారు గాని అమ్మా, ఉన్నవి మూడే తప్పులు, పదకొండు చోట్ల పడ్డాయి. ఒకటి స, శ, ష. రెండు ఇ, ఉ దీర్ఘాలు. మూడు ఎ, ఒ దీర్ఘాలు. చివరిది అన్నిటికంటే సులువు, ఎందుకంటే మీ నోరు దాన్ని సరిగ్గానే పలుకుతోంది. మీరు 'ఏడుపు' అని సాగదీసే అంటారు కదా? రాసేటప్పుడు ఒకసారి పైకి అనుకోండి, చాలు. శ, ష మాత్రం మాట మాటకీ గుర్తుపెట్టుకోవాల్సిందే, అక్కడ నోరు సాయం చెయ్యదు.

అప్పడాలవీధి
ఇప్పుడే పైకి 'ఏడుపు' అని నాలుగుసార్లు అన్నాను. మా అత్తయ్య లోపల్నుంచి "ఏటయిందే?" అని పరిగెత్తుకొచ్చింది.

ధర్మాబాద్_మిర్చిఘాటు
రెండులిపులు గారు, మరాఠీలోనూ ఎ, ఏ కి ఒకటే అక్షరం. మా పాపకి బాసరలో అక్షరాభ్యాసం చేయించాం, మాకు దగ్గరే కదా. ఆ రోజు తెలుగు అక్షరాలే దిద్దింది. తర్వాత బడి మరాఠీ. దాని తెలుగు రాత ఆ పలక మీదే ఆగిపోయింది.

నా కథ ఇంకోలా ఉంటుంది. రాతలో కాదు, మాటలో. బడి మీటింగులో టీచరమ్మతో 'మాఝీ ములగీ' (మా అమ్మాయి) అనాల్సింది 'మాఝా ములగీ' అన్నాను. 'మాఝా' మగపిల్లలకి వాడాలి, 'నా కొడుకు అమ్మాయి' అన్నట్టు ఉంటుంది అనుకోండి. మా పాప బెంచీ కింద నుంచి తొడ గిల్లింది. ఇంటికి వచ్చేటప్పుడు "ఇక నువ్వు రాకు, నాన్నని రమ్మను" అంది. రెండు మీటింగులు వెళ్ళలేదు. మూడోసారి మా ఆయన మిర్చి లోడు మీద ఉన్నాడు, తప్పలేదు. వెళ్ళగానే టీచరమ్మతో అన్నాను, "నా మరాఠీ తప్పుల తడక, నవ్వుకోండి, కాని మా పిల్ల లెక్కల సంగతి మాత్రం అంతా చెప్పండి" అని. ఆవిడ నిజంగానే నవ్వింది. పావుగంట లెక్కల సంగతి చెప్పింది కూడా. మా ఆయన వెళ్ళినప్పుడల్లా రెండు నిమిషాల్లో వచ్చేసేవాడు, సంతకం పెట్టి.

నాగావళి_గట్టు
మగాళ్ళు సంతకానికే పుట్టారు.

కొరాపుట్_చలి
గొంతుతో టైప్ చేసుకోవచ్చు కదా, ఇంత బాధ ఎందుకు? ఫోను మనం చెప్పింది అదే రాసుకుంటుంది.

అప్పడాలవీధి
అదీ చూశాను. 'అత్తయ్య పప్పుచారు తాగింది' అంటే 'అత్తయ్య పాప చారు తాగింది' అని రాసింది. అసలే మా ఇంట్లో గొడవలు చాలవా.

మహేంద్రతనయ
పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను కాబట్టి ఈ మాట నేనే ఎత్తాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో మా ఊరి రాజావారి బడిలో పంతులుగా చేరారు. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలూ పాఠాలూ ఉండాలని ఇక్కడుండే పోరాడారు. ఇక్కడి గిరిజనులు సవరల పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకున్నారు, వాళ్ళ కోసం బడులు పెట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. అలాంటి ఊరి పక్కన ఉండి, వంటింటి తెలుగు రాసినందుకు ఒక ఆడమనిషి సిగ్గుపడాలా?

సుద్దముక్క
పంతులుగారి పేరు ఎక్కడపడితే అక్కడ వాడేస్తారు. ఆయన పోరాడింది గ్రాంథికం మీద. శిష్టుల వాడుక భాష రాయమన్నారు. 'సనివారం' రాయమనలేదు. ఆయన ఎంత పట్టుదల మనిషో తెలుసా, చిన్న మాటకి కూడా పది ఆధారాలు చూపించేవారు. ఆయన చేతికి ఈ పేజీ వస్తే ఎర్ర సిరా బుడ్డి అయిపోయేది.

మహేంద్రతనయ
అయిపోయేదేమో. కాని ఆయన ఆ పిల్లకి శ ఎందుకు రాలేదో ముందు కనుక్కునేవారు, రెండులిపులు గారిలాగా. సవరల నోటి మాట ఒక్కొక్క ధ్వని పట్టుకుని రాసుకున్న మనిషి.

సుద్దముక్క
అది నిజం. ఒప్పుకున్నాను.

నాగావళి_గట్టు
మాస్టారు ఒప్పుకున్నారు! ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయండి.

మహేంద్రతనయ
1936లో ఒడిశా ఏర్పడి మా ఊరు ఇటు వచ్చింది. పంతులుగారు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా తాతల్లాంటి వాళ్ళు ఉండిపోయారు. ఉండిపోయినవాళ్ళ తెలుగు ఇలాగే ఉంటుంది మరి.

వంశధార_ఒడ్డు
మా అమ్మ సంగతి చెప్తాను. కాస్త పొడుగు.

మాది గుణుపురం. అమ్మ ఒడియా బడిలో ఐదు చదివింది. నేను బరంపురంలో హాస్టల్లో ఉండేవాణ్ణి. పదిహేను రోజులకొక ఇన్‌లాండు కవరు వచ్చేది. భాష తెలుగు, అక్షరాలు ఒడియా. ఆవిడకి తెలుగు లిపి రాదు, మరి కొడుక్కి ఒడియాలో రాస్తే అది అమ్మ రాసినట్టు ఉండదని అనేది. హాస్టల్లో ఇంకెవరూ నా ఉత్తరం చదవలేకపోయేవారు. ఒడియా కుర్రాళ్ళు అక్షరాలు చదివేవారు, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తెలుగు కుర్రాళ్ళకి అక్షరమే తెలీదు. అంతకంటే గట్టి తాళం ఉండదు.

రెండులిపులు గారు చెప్పిన ఎ, ఏ గొడవ అందులో నిండా ఉండేది. ఒకసారి 'మీ నాన్నకి మేడ నొప్పి' అని చదువుకుని, మనకి మేడ ఎక్కడిదబ్బా, నాన్నేమైనా కట్టేస్తున్నాడా అని ఆశపడ్డాను. మెడ నొప్పి. ఇంటికెళితే పచ్చ రంగు లేపనం వాసన.

ఏం రాసేది? ఆవు ఈనింది. పెరట్లో గుమ్మడి పాదు గోడ దాటి పక్కింటివాళ్ళకి కాస్తోంది. చెల్లి కుట్టు మిషన్ నేర్చుకుంటోంది. వాన రాలేదు. ఇంతే. అరవై మూడు కవర్లు ఉన్నాయి నా దగ్గర. అమ్మ పోయి పదకొండేళ్ళు. ఆ కవర్లలో ఒక్కటి తీసి పైకి చదివితే ఆవిడ గొంతే వినబడుతుంది, ఎందుకంటే కళ్ళతో చదవలేను, పైకి అంటేనే అర్థమవుతుంది.

కాబట్టి అప్పడాలవీధి గారు, మానకండి. దీర్ఘాలు మీ పిల్లలు పెట్టుకుని చదువుకుంటారు.

ధర్మాబాద్_మిర్చిఘాటు
ఆఫీసులో చదివాను. చదవాల్సింది కాదు ఆఫీసులో.

కొరాపుట్_చలి
అన్నా, ఆ కవర్లు ఫొటోలు తీసి దాచండి ముందు. ఇన్‌లాండు కాగితం మడతల దగ్గర చిరిగిపోతుంది.

బంజరు_బస్సు
బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు రాష్ట్రపతి అయ్యారు, మీరు అర పేజీకి భయపడతారేంటమ్మా.

అప్పడాలవీధి
ఆయన బావగారు ఎవరో కనుక్కుని చెప్పండి.

హాస్టల్_కిటికీ
నేను ఇక్కడ ఎక్కువ రాయను, చదువుతూ ఉంటాను. నాకు పందొమ్మిదేళ్ళు. ఇంతసేపూ అందరూ ఎర్ర సున్నాల గురించే మాట్లాడారు. ఆంటీ రాసిన రెండో సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆంటీ, మీ తప్పులు నలభై రెండు మంది ముందు పెడితే మీరు మూడు వారాలు పుస్తకం ముట్టలేదు, బ్యాంకుకి వెళ్ళలేదు. ఆ పేజీలోనే మీ పాప చెప్పలేకపోయిన మూడో వాక్యం ఉంది. దాన్ని ఆ నలభై రెండు మంది ముందు పెట్టింది మీ బావగారు కాదు కదా.

కోపంతో అనడం లేదు. నాకు తొమ్మిదో తరగతిలో లెక్కల్లో వందకి పద్నాలుగు వచ్చాయి. మా అమ్మ దిగులుతో నలుగురికి చెప్పుకుంది. చెడ్డబుద్ధితో కాదు, నాకు తెలుసు. ఆ ఏడు ఠాకురాణీ యాత్రకి (బరంపురం అమ్మవారి జాతర) వచ్చిన చుట్టాల్లో ప్రతి పిన్నీ, ప్రతి అత్తా నన్ను పట్టుకుని "ఇప్పుడు లెక్కలు వస్తున్నాయామ్మా?" అని అడిగేది. పులివేషాలు చూడ్డానికి కూడా బయటికి రాలేదు నేను. అప్పట్నుంచి అమ్మకి మార్కులు చెప్పడం మానేశాను. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. మార్కులు బాగానే వస్తున్నాయి. అయినా చెప్పను.

నాగావళి_గట్టు
ఇంకో జోకు టైప్ చేస్తున్నాను. చెరిపేశాను.

సిరివంచ_అల్లుడు
చిన్నపిల్ల అయినా సూటిగా చెప్పింది.

పాతనౌపడారైలు
మరీ అతి చేస్తున్నారు. కన్నతల్లి బిడ్డ ఏడ్చిందని చెప్పుకోకూడదా? మా రోజుల్లో అరుగు మీద అందరి ఇంటి సంగతులూ అందరికీ తెలిసేవి. ఎవరూ చచ్చిపోలేదు. ఇప్పటి పిల్లలకి ప్రతిదానికీ టెన్షనే.

రెండులిపులు
అరుగు మీద మాట దీపాలు పెట్టేసరికి పోయేది. ఈ పేజీని విశాఖలో కూర్చుని ఆ అక్క ఎన్నిసార్లయినా చదవగలదు.

పాతనౌపడారైలు
పోయేదని మీకెవరు చెప్పారు? మా నాన్న రైలు తప్పిపోయిన కథ యాభై ఏళ్ళు చెప్పారు మా వీధిలో.

రెండులిపులు
మరి మీ నాన్నగారు నవ్వేవారా?

పాతనౌపడారైలు
లేదు.

పాతనౌపడారైలు
సరే, ఈ ముక్క ఆలోచించాల్సిందే.

ధర్మాబాద్_మిర్చిఘాటు
నేనొప్పుకోను పూర్తిగా. పిల్లల గురించి రాయకపోతే తల్లికి ఇంకేం మిగిలింది రాయడానికి? రోజంతా వాళ్ళ చుట్టూనే కదా తిరిగేది. నాకు ఆ మీటింగు కథ చెప్పాలంటే మా పాప గిల్లుడు చెప్పకుండా ఎలా?

హాస్టల్_కిటికీ
అందులో తప్పు మాట్లాడింది మీరు, నవ్వులపాలయింది మీరు. మీ పాప గిల్లింది, అంతే. అది చదివితే తను కూడా నవ్వుతుందేమో. నేను మా అమ్మ మీద ఎన్ని జోకులు వేసినా పడుతుంది, నేనూ పడతాను. దాచుకుందామనుకున్నది బయటికి వస్తేనే బాధ. ఏది దాచుకోవాలనుకుంటున్నారో పిల్లల్ని అడిగితే చెప్తారు.

వంశధార_ఒడ్డు
పైన అమ్మ ఉత్తరాల గురించి గొప్పగా చెప్పాను. ఒకటి చెప్పలేదు. ఈ అమ్మాయి రాసింది చదివాక చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నాలుగేళ్ళ కిందట సంక్రాంతికి అందరం కలిశాం. ఆ కవర్లు తెచ్చి పిల్లలకి చదివి వినిపిస్తున్నాను, అందరూ పడి పడి నవ్వుతున్నారు. ఒక కవరులో చెల్లిని చూసుకోవడానికి పెళ్ళివారు వచ్చి వెళ్ళిన సంగతి ఉంది. వాళ్ళేమన్నారో అమ్మ ఉన్నదున్నట్టు రాసింది, చెల్లి రంగు గురించి. నేను ఊపులో చదివేశాను. చెల్లికి అప్పటికి యాభై దాటాయి, మనవడు ఒళ్ళో ఉన్నాడు. వాణ్ణి దింపి లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. అమ్మ ఆ మాట నా ఒక్కడికే రాసింది, ఒడియా అక్షరాల్లో, ఎవరికీ అర్థం కాకుండా. తాళం తీసింది నేను.

చెల్లితో మాట్లాడాను తర్వాత. "పోన్లే అన్నయ్యా" అంది. ఆ కవరు తనకే ఇచ్చేశాను. ఏం చేసిందో అడగలేదు. పైన అరవై మూడు అన్నాను, ఇప్పుడు నా దగ్గర ఉన్నవి అరవై రెండు.

సుద్దముక్క
అప్పడాలవీధి అమ్మా, నేను కూడా ఒకటి చెప్పాలి. నా దగ్గర చదివిన ఒక కుర్రాడి వ్యాసం క్లాసులో పైకి చదివి తప్పులు చెప్పేవాణ్ణి. అందరికీ ఉపయోగమని. వాడు తర్వాత వ్యాసం రాయమంటే నాలుగే వాక్యాలు రాసేవాడు, నాలుగూ తప్పుల్లేకుండా. మార్కులు వేసేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే వాడు తప్పు రాదని తెలిసిన మాటలే వాడేవాడు.

నాగావళి_గట్టు
ఈ చర్చ సరదాగా మొదలైంది. అందరం ఏడుస్తున్నాం. దీర్ఘంతో.

అప్పడాలవీధి
రెండు రోజులు ఇటు రాలేదు. హాస్టల్ అమ్మాయి రాసింది చదివి మొదట కోపం వచ్చింది, దాచను. నా కూతురి గురించి నాకు ఎవరో చెప్పడమేమిటని. రాత్రి నిద్ర పట్టలేదు.

నిన్న ఆదివారం. పఖాళ (నీళ్ళు పోసిన అన్నం), బడి చూరా (నలిపిన వడియాలు), వేయించిన వంకాయ తిని అందరూ పడుకున్నారు. పాపని పిలిచి పుస్తకం ముందు పెట్టాను. "ఇందులో నీ గురించి ఏముందో మొత్తం చదువుతాను, విను" అన్నాను. ఒక ఏడాది రాత, గంటన్నర పట్టింది. అనుమానంగా కూర్చుంది మొదట, చెయ్యి కట్టుకుని. రిమోటు కథకి నవ్వింది. తమ్ముడి ఇడ్లీపిండి మళ్ళీ చదవమంది. తను నాకు ఏటీఎం నేర్పిన రోజు రాశానని దానికి తెలీదు. "ఇది అక్క చదవలేదే" అంది. లేదు మరి, ఎవరికి కావాల్సింది వాళ్ళు చదువుతారు.

మూడు పేజీలు ఎవరికీ చూపించొద్దంది. ఏవో ఇక్కడ చెప్పను. ఒకటి నాకు చాలా ఇష్టమైనది, బేరమాడాను, ఒప్పుకోలేదు. స్టాప్లర్ తెచ్చి ఆ మూడూ అదే మూసేసింది.

ఉత్కళ దివస్ పేజీ మాత్రం మూయలేదు. "అందరూ చూసేశారు కదా, ఇప్పుడు మూస్తే ఏం?" అంది. కాని దిద్దమంది. తను ఏడవలేదట. స్టేజి వెనక అగరుబత్తి పొగకి కళ్ళు మండాయట. నేను "ఏడ్చావు, నా కొంగే తడిసింది" అన్నాను. "మండినా నీళ్ళొస్తాయి" అంది. అరగంట వాదన. చివరికి ఆ పేజీ కింద 'పాప అనేదేమిటంటే కళ్ళు మండాయి' అని ఒక వాక్యం చేర్చాను. అది ఏం రాశానో అక్షరం అక్షరం చదివించుకుంది. తెలుగు రాని పిల్ల, వేలు పెట్టి మరీ.

గ్రూపులో ఇక పెట్టను. మా వదినకి ఒక్కర్తికి పంపుతాను, పాప చూశాకే. వాళ్ళక్కతో అది ఇంకా మాట్లాడ్డం లేదు. అది వాళ్ళిద్దరి గొడవ.

నాగావళి_గట్టు
అగరుబత్తి పొగ. ఆ పిల్ల లాయరవుతుంది.

హాస్టల్_కిటికీ
థ్యాంక్స్ ఆంటీ. నేను అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది.

అప్పడాలవీధి
లేదమ్మా. మీ అమ్మకి ఈ సెమిస్టరు మార్కులు చెప్పు. చెప్పకపోయినా ఫర్వాలేదు.

హాస్టల్_కిటికీ
చూద్దాం.

మహేంద్రతనయ
బావగారి సంగతి ఏమైంది?

అప్పడాలవీధి
ఏమీ అనలేదు. ఆయన ఎర్ర సున్నాల పేజీ ప్రింటు తీయించి వంటింట్లో పంచదార డబ్బా పైన అంటించాను. దాని పక్కన రెండులిపులు గారి మూడు తప్పులు. శనివారం ఇప్పుడు బాగా వస్తోంది. ఆదివారానికి ఎలాగూ శ లేదు.

సుద్దముక్క
కావాలంటే నాకు పంపండి, విడిగా చూసి పంపుతాను.

అప్పడాలవీధి
మీకు పంపానని తెలిస్తే మా బావగారికి కోపం వస్తుంది మాస్టారూ.

బంజరు_బస్సు
బ్యాంకు?

అప్పడాలవీధి
బుధవారం వెళ్ళాలి. చూడాలి. ప్రస్తుతం అంతకంటే అర్జెంటు పని ఉంది. చిన్నోడికి ఇవాళ ముందు పన్ను ఊడింది. అది ఇంటి పైకప్పు మీద పడేసి వచ్చి, "ఇప్పుడు నన్ను రాయి, ఇప్పుడే" అని పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క సందేహం తీర్చండి. 'పళ్ళు' రాసేటప్పుడు కింద ళ ఒత్తా, ల ఒత్తా?

సుద్దముక్క
ళ ఒత్తు. పళ్ళు.

రెండులిపులు
ల ఒత్తు కూడా వాడుకలో ఉంది. పళ్లు. పేపర్లు కూడా అలా వేస్తుంటాయి.

సుద్దముక్క
పేపర్లు వేస్తే ఒప్పయిపోతుందా?

అప్పడాలవీధి
మీరు తేల్చుకునే లోపు వాడికి రెండోది కూడా ఊడేలా ఉంది. 'పన్ను' అని రాసేశాను.